చెల్లిని మోసిన పిల్ల

బందరు పాసింజరు గుడివాడ దాటేసరికి మార్తకు నిద్ర ముంచుకొచ్చింది. తెల్లవారకముందే లేచి, పిల్లలకు అన్నం వండి మూతపెట్టి, భవానీపురంలో రిక్షా దొరక్క సగం దూరం నడిచి ఎక్కిన రైలు అది. కిటికీ పక్కన చోటు దొరికింది కానీ ఎండ కూడా అటువైపే ఉంది. ఒళ్లో సంచీ, సంచీ నిండా ప్రశ్నల కాగితాలు. పెదనలో ఎవరో తట్టి లేపితే దిగింది.

రెండేళ్లుగా ఆమెకు ఇదే పని. అవిటివాళ్లున్న బీద కుటుంబాలు ఎలా బతుకుతున్నాయో తెలుసుకోవడానికి గవర్నర్‌పేటలోని ఒక సంస్థ సర్వే చేయిస్తోంది. మధ్యలో జై ఆంధ్ర ఉద్యమం వచ్చి రైళ్లు, బస్సులు ఆగిపోయి కొన్నాళ్లు పని మూలపడింది. మళ్లీ మొదలుపెట్టేసరికి ముందు చూసిన ఇళ్లలో కొన్నింటికి తాళాలు వేసి ఉన్నాయి. ఆ కుటుంబాలు ఎక్కడికి పోయాయో చెప్పేవాళ్లు లేరు.

మద్రాసులో సోషల్ వర్క్ డిప్లొమా చదివే రోజుల్లో ఉద్యోగం అంటే ఇలా ఉంటుందని మార్త అనుకోలేదు. వెళ్లడం, అడగడం, రాసుకోవడం, లేచి రావడం. లేచేటప్పుడు ఏ ఇంట్లోనైనా ఎవరో ఒకరు, "ఏవన్నా ఇస్తారామ్మా?" అంటారు. "ఇప్పుడు కాదండీ, ముందు వివరాలు తీసుకుంటున్నాం" అని ఈమె చెప్పాలి. ఆ మాట అనీ అనీ ఆమెకే విసుగు పుట్టింది. ఒక్కోసారి ఆ మాట అనాల్సి వస్తుందనే భయంతో, సంచీ సర్దుకుంటున్నట్టు తల వంచుకుని గబగబా లేచి వచ్చేసేది.

పెదన దాటి కాలువ గట్టు వెంబడి బస్సులో కొంత దూరం వెళితే ఆ చేనేత ఊరు వస్తుంది. మల్లేశ్వరరావు ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. ఒక్కటే గది, ముందు తాటాకు పంచ. గదిలో గుంట మగ్గం. ఆయన గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని నేస్తున్నాడు. భార్య రావమ్మ పంచలో రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుడుతోంది. ఆమె లేచి పీట వేసి, గ్లాసుతో మజ్జిగ ఇచ్చి, "మీరు కిరస్తానీవాళ్లాండీ?" అని అడిగింది. మార్త అవునంది. రావమ్మ తల ఊపింది. తాగిన గ్లాసును మార్తే కడిగి పంచ మూల బోర్లించింది. ఆ అలవాటు కూడా ఈ పనితో వచ్చిందే.

మల్లేశ్వరరావు నేత ఆపకుండానే జవాబులు చెప్పాడు. నాడె అటూ ఇటూ పోయే చప్పుడు మధ్యలో ఆయన మాటలు పట్టుకోవాల్సి వచ్చింది.

"ఇద్దరూ ఆడపిల్లలేనండీ. కాళ్లు లేంది చిన్నది, చౌడేశ్వరి. రెండో ఏట జ్వరవొచ్చింది. జ్వరం తగ్గింది గానీ మళ్లీ నిలబడలా."

"డాక్టరుకు చూపించారా?"

"చూపించాం. బందరు తీసుకెళ్లాం. పోలియో అన్నారు. ఏదో నూనె రాయమన్నారు. రాశాం."

"ఇప్పుడు ఎక్కడుంది పాప?"

"బడికెళ్లింది."

మార్త తల ఎత్తి చూసింది. కాళ్లు పడిపోయిన పిల్లను, అదీ ఆడపిల్లను, బడికి పంపే ఇల్లు ఆమెకు ఈ రెండేళ్లలో పెద్దగా తగల్లేదు.

"ఇంట్లో ఉంటే పాకుతా వచ్చి పడుగు మీద పడుద్దండీ," అన్నాడాయన. "ఓసారి గుంటలోనే పడింది. బళ్లో అయితే ఇంత ఉప్మా పెడతారు, కళ్ల ముందు ఉండదు, పని సాగుద్ది."

ఒంటిపూట బడి వదిలారు. వీధిలో పిల్లల అరుపులు వినబడ్డాయి. అందరికంటే వెనకగా, పన్నెండేళ్ల పిల్ల ఒకతి ఎనిమిదేళ్ల పిల్లను చంకన వేసుకుని వచ్చింది. రెండు పలకలున్న గుడ్డ సంచీ మెడలో వేలాడుతోంది. చెల్లిని పంచలో దించి, కాళ్లు కడిగి, మంచినీళ్లు పట్టించి, ఆ తర్వాత తాను తాగింది. ఆ పిల్ల పేరు సుబ్బరత్నం. చెల్లిని దించాక కూడా నడుం ఒక పక్కకు వంగే ఉంది.

"రోజూ నువ్వే ఎత్తుకెళ్తావా?" అని అడిగింది మార్త.

"ఊఁ."

"బరువు కాదూ?"

సుబ్బరత్నం ఏదో అనబోయేలోగా చౌడేశ్వరి అందుకుంది. "నేనేం బరువు లేను. మా అక్కే ఊరికే ఆయాసపడుద్ది."

రావమ్మ నవ్వింది. మగ్గం లోపల మల్లేశ్వరరావు కూడా నవ్వినట్టు చప్పుడు వచ్చింది. మార్త కాగితం మీద చౌడేశ్వరి వయసు, జబ్బు వచ్చిన ఏడు, బడి, తిండి అన్నీ వరసగా రాసుకుంది. ఇంట్లో మిగిలిన పిల్లల గురించి ఒక్క గడి ఉంది. అక్కడ "ఒక అక్క, ఆరోగ్యం బాగుంది" అని రాసింది. రాస్తుంటే సుబ్బరత్నం ఎదురుగా నిలబడి కాగితం మీది తలకిందుల అక్షరాలను పెదాలు కదుపుతూ చదువుకుంటోంది. అది మార్త చూసింది కానీ పట్టించుకోలేదు. ఆమె ఆలోచన అప్పటికే వేరే దారి పట్టింది.

పటమటలో క్రైస్తవ సిస్టర్లు నడిపే హాస్టలు ఒకటుంది. పోలియో వచ్చిన పిల్లలను చేర్చుకుని, కాళ్లకు ఇనప కమ్మీలూ తోలు పట్టీలూ ఉన్న బూట్లు చేయించి, నడక నేర్పి, చదువు చెబుతారు. జూన్‌లో ఒక చోటు ఖాళీ అవుతుందని పెద్ద సిస్టరు కిందటి ఆదివారమే చర్చి దగ్గర కనబడి చెప్పింది.

మర్నాడు ఆఫీసులో ఆ సంగతి వెంకటసుబ్బారావు గారికి చెప్పింది. ఆయన కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. సర్వే బాధ్యత ఆయనది. ఆఫీసు ఒక బట్టల కొట్టు మీద మేడ గది. కింద బేళ్లు విప్పే చప్పుడు, ఫ్యాను చప్పుడు కలిసి మాట సరిగా వినబడదు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ విన్నాడు.

"వద్దమ్మా," అన్నాడు. "ఒక ఇంటికి మేలు చేశామని తెలిస్తే పక్కింటివాళ్లు మనకు నిజం చెప్పరు. ఏం చెబితే ఏం వస్తుందో చూసుకుని చెబుతారు. అది వాళ్ల తప్పు కాదు, ఎవరైనా అంతే. కానీ మన పని పాడవుతుంది."

"చోటు ఖాళీ అవుతోంది సార్. పిల్ల నడుస్తుంది."

"మీరు నాకు చెప్పకుండా చేసి ఉండాల్సింది. చెప్పారు కాబట్టి వద్దనాలి."

ఆ మాటలో వద్దనడం ఎంత ఉందో, ఊరుకోవడం ఎంత ఉందో మార్తకు అర్థమైంది. ఆ సాయంత్రం భర్త బాలశౌరి గూడ్సు షెడ్డు నుంచి వచ్చాక చెప్పింది. "ఇన్నాళ్లూ అడిగి రాసుకోవడమే అయింది. ఒక్క ఇంటికైనా ఏదో ఒకటి జరగనీ" అంది. బాలశౌరి, "నీకు అంత అనిపిస్తే చెయ్యి. సెలవు పెట్టుకుని వెళ్లు, సర్వే కాగితాలు మాత్రం పట్టుకెళ్లకు" అన్నాడు.

రెండు ప్రయాణాలు పట్టింది వాళ్లను ఒప్పించడానికి. మల్లేశ్వరరావు ఖర్చు లేదని తెలిశాక పెద్దగా అడ్డు చెప్పలేదు. రావమ్మకే మనసు ఒప్పలేదు.

"మతంలో కలిపేసుకుంటారాండీ?"

"కలపరు. ప్రార్థన వేళకి అందరితో పాటు కూర్చోవాలి, అంతే. సెలవులకి నేనే ఇంటికి తీసుకొస్తా."

"మరి అక్కడ దీన్ని ఎత్తుకునేదెవరండీ?"

"ఎత్తుకోనక్కర్లేకుండా చెయ్యడానికేనమ్మా తీసుకెళ్లేది."

ఆ మాట చెప్పినప్పుడు మార్తకు ఎన్నాళ్లకో గుండె నిండినట్టయింది.

జూన్‌లో, తొలకరి పడి కాలువ గట్టు బురదగా ఉన్న రోజున, సుబ్బరత్నమే చెల్లిని బస్సు దాకా ఎత్తుకొచ్చింది. చౌడేశ్వరి అక్క మెడ వదలనని ఏడ్చింది. కండక్టరు విసుక్కున్నాడు. చివరికి సుబ్బరత్నమే ఒక్కో వేలూ విడదీసి మార్త చేతికి అందించింది. బస్సు కదిలాక మార్త వెనక్కి చూస్తే, ఆ పిల్ల ఖాళీ చంకతో, నడుం అలాగే పక్కకు వంచి నిలబడి ఉంది. బరువు దిగిపోయిందని మార్త అనుకుంది. అలా అనుకుని సంతోషపడింది కూడా.

హాస్టల్లో మొదటి నెల చౌడేశ్వరి ఎవరినీ దగ్గరకు రానివ్వలేదు. బూట్లు తొడిగితే గోడకేసి తన్నుకుని ఊడదీసుకునేది. పట్టీలు ఒరుసుకుని మోకాళ్ల దగ్గర పుళ్లు పడ్డాయి. మార్త ప్రతి ఆదివారం చర్చి నుంచి తిన్నగా పటమట వెళ్లేది. తన పిల్లలు "మాతో ఉండవా అమ్మా" అని మొహం ముడుచుకున్నా వెళ్లేది. వెళ్లగానే ఆ పిల్ల అడిగేది ఒక్కటే.

"మా అక్క రాలేదా?"

"మీ అక్కకి బడి ఉంటుంది కదమ్మా. ఎలా వస్తుంది?"

వానలు ముదిరేసరికి కడ్డీ పట్టుకుని నిలబడింది. వినాయక చవితి నాటికి కడ్డీ వదిలి చేతికర్రతో వరండా ఈ చివర నుంచి ఆ చివర దాకా వచ్చింది. ఆ చివర మార్త నిలబడి ఉంది. దగ్గరకు వచ్చాక పిల్ల చెమటతో తడిసిన మొహం ఎత్తి, "మా అక్కకి చెప్పండి" అంది. సర్వేలో పడిన రెండేళ్ల అలసటా ఆ ఒక్క నిమిషం మార్తకు గుర్తు లేదు.

దసరా సెలవులకు మాట ఇచ్చినట్టే ఇంటికి తీసుకెళ్లింది. కాలువ గట్టు మీద బస్సు దిగి చౌడేశ్వరి కర్ర పొడుచుకుంటూ, ఇనుము టకటకలాడించుకుంటూ వీధిలో నడిచింది. అరుగుల మీది వాళ్లు లేచి నిలబడ్డారు. ఎవరో ముసలామె వచ్చి పిల్ల బుగ్గలు పుణికి మార్తకు దండం పెట్టింది. మార్త సిగ్గుపడి పక్కకు తప్పుకుంది.

మల్లేశ్వరరావు ఇంట్లోంచి రెండు మగ్గాల చప్పుడు వినబడుతోంది. పంచలో ఒక పక్క కొత్తగా గుంట తవ్వి రెండో మగ్గం పెట్టారు. దాని మీద సుబ్బరత్నం ఉంది. చెల్లిని చూసి వెంటనే లేవలేకపోయింది. చేతిలో నాడెను అవతలికి పంపి, పేక పోగును దగ్గరగా కొట్టి, అప్పుడు పైకి వచ్చింది. వచ్చి మోకాళ్ల మీద కూర్చుని చెల్లి కాళ్లకున్న కమ్మీలను చేత్తో తడిమింది.

"నొప్పి పుడుద్దా?"

"ముందు పుట్టేది. ఇప్పుడు లేదు. అక్కా, ఇయ్యాల బడి లేదా నీకు?"

"దసరా సెలవులు గదే."

రావమ్మ మొహం తిప్పుకుని లోపలికి వెళ్లింది. చౌడేశ్వరి హాస్టల్లో కొత్తగా నేర్చుకున్న అక్షరాలు అక్కకు రాసి చూపించాలనే తొందరలో మేకుకు వేలాడుతున్న పాత బడి సంచీ లాగింది. సంచీలో పలక లేదు. నూలు కండెలు బొలబొలా నేల మీద రాలి పంచంతా దొర్లాయి. పిల్ల వాటిని చూసింది, అక్క మొహం చూసింది. సుబ్బరత్నం వంగి ఒక్కొక్కటే ఏరుకుంది.

మార్త గదిలోకి వెళ్లింది. మల్లేశ్వరరావు ఈసారి నేత ఆపాడు.

"పెద్దమ్మాయి బడి మానేసిందాండీ?"

"జూన్లోనే మానిపించానండీ."

"ఎందుకని?"

ఆయనకు ఆ ప్రశ్నే వింతగా తోచింది. కోపం లేకుండా, అరటిపండు ఒలిచినట్టు చెప్పాడు. "చిన్నదాన్ని మొయ్యాలి కాబట్టి పెద్దది బడికెళ్లింది. దాన్ని అక్కడ కూర్చోబెట్టాలి, బయటికి తీసుకెళ్లాలి, మళ్లీ ఇంటికి తేవాలి. ఆ పనికి దీన్ని పంపాం. ఇప్పుడు చిన్నది మీ దగ్గరుంది. ఇంక దీనికి బడెందుకండీ?"

"బాగా చదివేదేమో."

"మాస్టారు తిరుపతిరావు గారు కూడా వచ్చి అదే అన్నారు. చదివేదే ఉంటది. నూలు సరిగ్గా దొరకట్లేదండీ ఈ ఏడు. దొరికినప్పుడు ఇద్దరం కూర్చుని నేస్తే, దొరకనప్పుడు కాస్త గంజన్నా ఉంటది. మీరు మంచే చేశారమ్మా. నేను కాదనటం లా. చిన్నదానికి ఒక దారి చూపించారు. పెద్దది నాకు చేతికొచ్చింది. రెండు విధాలా మీ దయే."

ఆయన నిజంగానే కృతజ్ఞతతో అన్నాడు. మార్త పెరట్లోకి వెళ్లింది. సుబ్బరత్నం తొట్టి దగ్గర నీళ్లు ముంచుతోంది.

"నీకు మళ్లీ బడికి వెళ్లాలనుందా?"

"మా నాన్ననడగండి."

"అడిగాను."

"మరి నన్నెందుకడుగుతన్నారు?"

బిందె నింపుతూ ఆ పిల్లే మళ్లీ అంది. "తరగతులన్నీ ఒకే గదిలోగా, దాని పక్కన కూర్చుని నేనూ వినేదాన్నండీ. మాస్టారు లెక్క చెబితే నాకే ముందొచ్చేది. కానీ నన్ను చదువుకోమని ఎవరూ పంపలేదు. నాకు తెలుసు అది."

తిరుగు ప్రయాణంలో మార్త రైల్లో నిద్రపోలేదు. ఒళ్లు మాత్రం బస్తాలు మోసినట్టుగా ఉంది.

వెంకటసుబ్బారావు గారికి అంతా చెప్పింది, తాను ఆయన మాట కాదని చేసిన పనితో సహా. ఆయన కోప్పడలేదు. ప్రశ్నల కాగితం ముందు పెట్టుకుని మొదటి గడి నుంచి చదివాడు.

"ఇలాంటివి ఇంకా ఎన్ని ఇళ్లలో ఉంటాయంటారు?"

"తెలియదు సార్. అడగలేదుగా. అవిటితనం ఎవరికి అని అడిగాం. వాళ్లను ఎవరు మోస్తున్నారని అడగలేదు."

"పెద్దవాళ్లు మోస్తారనుకున్నాను నేను," అన్నాడాయన. "మా ఇంట్లో అలాగే జరిగింది. పనివాళ్లుండేవాళ్లు." కాగితం మడిచి, "మళ్లీ అన్ని ఇళ్లకూ వెళ్లడానికి డబ్బు రాదమ్మా. రిపోర్టు ఉగాది లోపల పంపాలి. చేతనైనన్ని ఇళ్లకు వెళ్లండి. వెళ్లినంతవరకు రాద్దాం" అన్నాడు.

మళ్లీ ఆ గడపలన్నీ ఎక్కడం మార్తకు ఇష్టం లేకపోయింది. అయినా ఆ సెలవుల్లో తన ఊళ్లోనే ఉన్న ఇళ్లకు వెళ్లింది. భవానీపురంలో చూపులేని లాజరు అనే ముసలాయన ఇల్లు ఆమెకు తెలిసినదే. ఆయన్ను రోజూ రైలు స్టేషనుకు చెయ్యి పట్టుకుని నడిపించేది మనవరాలు. ఆ పిల్ల ఏ బళ్లోనూ లేదు. మొదటిసారి వెళ్లినప్పుడు ఆ పిల్లే మార్తకు పీట వేసింది. కృష్ణ ఒడ్డున ఇంకో ఇంట్లో మంచం పట్టిన తల్లికి తొమ్మిదేళ్ల పిల్ల అన్నం వార్చి పెడుతోంది. చేతుల మీద గంజి కాలిన మచ్చలు. మార్త రాసుకుంది. "ఏవన్నా ఇస్తారామ్మా?" అని ఆ తల్లి అడిగింది. ఈసారి మార్త తల వంచుకోలేదు.

సెలవులు అయిపోయాక చౌడేశ్వరిని తీసుకురావడానికి వెళ్లింది. పిల్ల గడపలో బాసింపట్టు వేసుకోలేక కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. బూట్లు, కమ్మీలు ఊడదీసి దూరంగా పడేసింది.

"నేను రాను," అంది.

"ఎందుకమ్మా?"

"నేను ఇక్కడుంటే అక్క బడికెళ్లుద్ది. నన్ను ఎత్తుకెళ్లాలిగా."

రావమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రెండు రోజులుగా ఇదే పోరని, తిండి కూడా సరిగా తినడం లేదని చెప్పింది. మల్లేశ్వరరావు గదిలోంచి ఒక కేక వేసి ఊరుకున్నాడు. మార్త పిల్ల ముందు చతికిలబడింది. ఏం చెప్పాలి? వచ్చేయమంటే ఒకరికి అన్యాయం, ఉండిపొమ్మంటే ఇంకొకరికి. ఎనిమిదేళ్ల పిల్ల లెక్క తప్పు కూడా కాదు.

రెండో మగ్గం చప్పుడు ఆగింది. సుబ్బరత్నం గుంటలోంచి లేచి వచ్చి, మూల పడున్న బూట్లు తెచ్చి, చెల్లి ముందు కూర్చుని ఒక కాలు లాక్కుంది. చౌడేశ్వరి విదిలించుకోబోతే వీపు మీద ఒక్కటి చరిచింది.

"నన్ను మళ్లీ మొయ్యమంటావా? నడుం నొప్పికి రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు నాకు. నీకు తెలుసా? నువ్వేం బరువు లేనని అందరికీ చెప్పేదానివి."

చౌడేశ్వరి ఏడుపు మింగింది. "అప్పుడు చెప్పలేదేం?"

"చెబితే నాన్న బడి మానిపిస్తాడు. ఇద్దరినీ." పట్టీలు ఒక్కొక్కటే బిగించింది, ఎక్కడ ఒరుసుకుంటుందో అడిగి అక్కడ వదులు చేసింది. "నువ్వు నడువు. నువ్వు నడిస్తే ఇంక ఎవరూ నిన్ను మొయ్యక్కర్లేదు. నా సంగతి నీకెందుకు?"

మార్త లేచి రావమ్మ దగ్గరకు వెళ్లింది. ఈ రెండేళ్లలో ఏ ఇంట్లోనూ ఆమె ఏదీ కావాలని అడిగింది లేదు, వివరాలు తప్ప.

"పొద్దున పూట ఒక్కటీ పంపించండమ్మా. మధ్యాహ్నం నుంచి మగ్గం మీద కూర్చుంటుంది. మాస్టారుతో నేను మాట్లాడతాను. ఏడో తరగతి దాకా చాలు."

రావమ్మ గది వైపు చూసింది. లోపల నాడె చప్పుడు నెమ్మదించింది కానీ ఆగలేదు. "పొద్దున పూట మగ్గం మీద నేను కూర్చుంటాలెండి," అంది గొంతు కాస్త పెంచి, లోపలికి వినబడేటట్టు. "కండెలు రాత్రి చుట్టుకుంటా. ఎన్నాళ్లో చెప్పలేను."

లోపల నాడె మళ్లీ ముందటి జోరు అందుకుంది.

బస్సు దాకా సుబ్బరత్నం వచ్చింది. ఈసారి చంకన రేకు పెట్టె. చౌడేశ్వరి వెనక కర్ర పొడుచుకుంటూ వస్తోంది. సుబ్బరత్నం చెల్లి కోసం ఆగుతూ, మళ్లీ నడుస్తూ, "తొందరగా రావే, బస్సెళ్లిపోద్ది" అని కసురుతూ గట్టు ఎక్కింది. బస్సు వచ్చింది. కండక్టరు వంగి పిల్లను ఎత్తబోయాడు.

"ఎత్తొద్దండీ," అంది సుబ్బరత్నం. "అదే ఎక్కుద్ది."

చౌడేశ్వరి ముందు కర్ర మెట్టు మీద పెట్టింది. బస్సు తలుపు పక్క కడ్డీ పట్టుకుని ఒక కాలు లాగింది, తర్వాత రెండోది. లోపల ఎవరో పొద్దెక్కిపోతోందని గొణిగారు. రెండో మెట్టు దగ్గర జారి మోకాలు కొట్టుకుంది. మార్త చెయ్యి చాచి మళ్లీ వెనక్కి తీసుకుంది. పిల్ల ఎక్కేసి, కిటికీ దగ్గర కూర్చుని, అక్కకు చెయ్యి ఊపడానికి బయటికి చూసింది. సుబ్బరత్నం అప్పటికే వెనక్కి తిరిగి గట్టు దిగుతోంది. మగ్గం మీద సగం చీర ఉంది మరి.

పొద్దున పూట బడి కొన్ని వారాలు సాగింది. మాస్టారు తిరుపతిరావు ఆ పిల్లను ఐదులోంచి ఆరులో కూర్చోబెట్టాడు. కార్తీకం వెళ్లాక ఆ చుట్టుపక్కల నూలు బొత్తిగా దొరక్కుండా పోయింది. వీధిలో మగ్గాలన్నీ ఆగిపోయాయి. మల్లేశ్వరరావు కూలి కోసం కోతలకు వెళ్లాడు. ఇంట్లో ఒక పూట పొయ్యి వెలిగేది. ఆ రోజుల్లో సుబ్బరత్నం రెండు పూటలా బడికి వెళ్లింది. ఉప్మా పెట్టే వేళకు అందరికంటే ముందు నిలబడేదని, సాయంత్రం బడి వదిలినా ఇంటికి వెళ్లకుండా కూర్చుని లెక్కలు చేసేదని మాస్టారు మార్తకు చెప్పాడు. అది చెబుతూ ఆయన సంతోషించాలో వద్దో తెలియనట్టు మొహం పెట్టాడు.

క్రిస్మస్ దాటాక మార్త చివరి విడత వివరాల కోసం మళ్లీ పెదనలో దిగింది. రిపోర్టులో పిల్లల్ని మోసే పిల్లల గురించి వెంకటసుబ్బారావు గారు చివర ఒక చిన్న అధ్యాయం కలిపారు. దాన్ని ఎవరు చదువుతారో, చదివి ఏం చేస్తారో ఇద్దరికీ తెలియదు. స్టేషను బయట ఒక కొట్టు ముందు రెండెడ్ల బండి ఆగి ఉంది. కూలీలు నూలు బేళ్లు దించుతున్నారు. చుట్టూ నేతగాళ్లు గుంపుగా మూగి, ఒకరిని ఒకరు తోసుకుంటూ, నవ్వుతూ, గట్టిగా మాట్లాడుకుంటున్నారు. వాళ్లలో మల్లేశ్వరరావు ఉన్నాడు. మార్తను చూసి గుంపులోంచి చెయ్యెత్తాడు.

"నూలొచ్చిందండీ!" అని అరిచాడు.

ఆ మొహంలో అంత వెలుగు ఆమె ఎప్పుడూ చూడలేదు. "మంచిదండీ" అంది మార్త. పంచలోని రెండో మగ్గం గుర్తొచ్చినా, ఆ మాట అబద్ధం కాదు. సంచీ ఒక భుజం మీంచి రెండో భుజానికి మార్చుకుని బస్సు కోసం నడిచింది. ఇంకా చూడాల్సిన ఇళ్లు ఉన్నాయి.